అయిందండి ఆపరేషన్

మా కాకినాడలో దాన్ని అందరూ ‘అయిందండి ఆపరేషన్’ అనేవారు. అసలు పేరు ఇంగ్లీషులో మూరెడు ఉంటుంది. ఏళ్ళ తరబడి హైస్కూల్లో సైన్సు పాఠాలు చెబుతున్నదాన్ని, నాకే ఆ పేరు నోరు తిరగదు. చేయించుకున్నవాళ్ళని ఏ వేళప్పుడు పలకరించి ‘భోజనం అయిందా’ అని అడిగినా ఠక్కున ‘అయిందండి’ అనేవారు. అందుకని ఆ పేరు స్థిరపడిపోయింది. వెటకారం మా జిల్లావాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మా ఆయన మార్కండేయులు కల్యాణ మండపం మేనేజరు. ముహూర్తాల రోజుల్లో పొద్దున ఒక విందు, సాయంత్రం ఒక విందు. తినడంలో ఆయనకి ఊళ్ళో పేరుండేది. స్కూటరు మీద ఆయన కూర్చున్నాక నాకు మిగిలే చోటు స్టెప్నీ టైరు మీదే. అంతవరకైతే నవ్వుకుని ఊరుకునే విషయమే. కానీ సుగరు వచ్చింది, మోకాళ్ళు పోయాయి, ఆ వెనకే మతిమరుపు మొదలైంది. ఒకే ముహూర్తానికి ఇద్దరు పెళ్ళివాళ్ళకి మండపం ఇచ్చేశారు. ఒకరోజు మా అమ్మాయిని పిలవబోయి, పేరు అందక, నోరు తెరుచుకుని అలా నిలబడిపోయారు. ఒళ్ళు పెరిగేకొద్దీ మెదడుకి మంచు పట్టడం మామూలేనని, ఒళ్ళు తగ్గితే అదీ విడిపోవచ్చని డాక్టర్లు అన్నారు.

ఆపరేషన్‌కి ఒప్పుకోవడానికి ఆయనకి ఇంకో కారణం కూడా ఉంది. అది వాళ్ళక్క సీతారత్నం.

తల్లి పోయేటప్పటికి ఈయనకి ఊహ తెలియదు. ఆవిడే పెంచింది. పెళ్ళయి సామర్లకోట కాపురానికి వెళ్తూ సారెతోపాటు తమ్ముణ్ణీ పట్టుకెళ్ళింది. ఆయన పొట్టలో సగం ఆవిడ పెట్టిన ముద్దలేనని నేను దెప్పేదాన్ని. ఆ అక్కే కొడుకు కట్టిన కొత్తింటి గృహప్రవేశంనాడు, కొత్త వియ్యాలవారంతా బంతిలో కూర్చుని ఉండగా, చేతిలో బూరెల పళ్ళెంతో నిలబడి, “మావోడికి ఇంకో నాలుగెయ్యండర్రా, ఆ చెరువు ఎప్పటికి నిండుద్దో!” అంది. ముద్దుకే అంది. బంతి బంతంతా ఘొల్లుమంది. ఈయన విస్తరి ముందు నుంచి సగంలో లేచి, ఎంగిలిచేత్తోనే, “నీ ఇంట్లో ఇంక మంచినీళ్ళు కూడా ముట్టను” అని వచ్చేశారు.

ఇద్దరూ ఒకే కడుపున పుట్టినవాళ్ళు, పంతంలో ఒకరికొకరు తీసిపోరు. ఏళ్ళు గడిచాయి. ఆవిడ ఎవరెవరితోనో కబురు పెట్టేది, “వచ్చి ఒక్కపూట తినెళ్ళమను” అని. ఈయన లోపల కరిగిపోతూనే పైకి బిగుసుకునేవారు.

“సన్నబడి ఎల్తానే వేణీ,” అన్నారు ఒకరోజు నాతో. “దాని ముందు పీటేసుకు కూచుని, అది పెట్టిందంతా తిని, చూడవే నీ చెరువెలా ఎండిపోయిందో అంటాను. అప్పుడు దాని మొహం చూడాలి.”

* * *

ఆపరేషన్ కనిపెట్టింది డాక్టర్ నిరుపమ. విశాఖపట్నం పిల్ల, మనిషి సన్నగా, మాట చురుగ్గా ఉంటుంది. మొదటిరోజు తన ప్రయోగశాలలో మమ్మల్ని కూర్చోబెట్టి, అరచేతిలో చొక్కా బొత్తమంత ముక్క ఒకటి చూపించింది.

“మీరు తిన్నారని మీకెలా తెలుస్తాదండీ?” అని అడిగింది ఆయన్ని.

“పొట్ట నిండితే తెలుస్తుంది కదమ్మా.”

“కాదండీ. తిన్నట్టు గుర్తుంటే తెలుస్తాది. తలకి దెబ్బ తగిలి జ్ఞాపకం పోయినవాళ్ళకి భోజనం పెట్టి, కాసేపాగి మళ్ళీ పెట్టండి, మళ్ళీ తినేస్తారు. పొట్ట కోసి చిన్నది చేసినా కొందరు మళ్ళీ లావెక్కుతున్నారంటే అందుకే. పొట్ట నిండిందంటాది, మనసు ఇంకా తినలేదంటాది.”

పొట్టని చిన్నది చేసి, అక్కణ్ణుంచి మెదడుకి వెళ్ళే నరం మీద ఆ బొత్తం కుడతారు. ఒకటి రెండు ముద్దలు దిగగానే అది నరాన్ని మీటుతుంది. దాంతో మెదడు తనకు తానే రాసేసుకుంటుంది, భోజనం అయింది అని.

కోలుకున్నాక ఆయన ముందు ఉప్మా పళ్ళెం పెట్టారు. నేను పక్కనే ఉన్నాను. మూడో ముద్దకి ఆయన మొహంలో, అట్లతద్దినాటి ఉయ్యాల దిగిన పిల్ల మొహంలో ఉండేలాంటి నిండుదనం వచ్చింది. చెయ్యి కడుక్కుంటూ, “అయిందమ్మా” అన్నారు. నిరుపమ చప్పట్లు కొట్టింది. నాకూ కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు.

కొన్ని నెలల్లోనే మనిషి మారిపోయారు. మంచు విడిపోయింది. మండపంలో ఏ పెళ్ళి ఎవరిదో, వంటవాళ్ళెవరో, పదేళ్ళ కిందటి పెళ్ళికొడుకు మేనమామ ఎవరో అన్నీ తడుముకోకుండా చెప్పేవారు. ప్రయోగశాలలో మాటల వరుస ఒకసారి వినిపిస్తే ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ అప్పజెప్పేవారు. ప్రతినెలా అక్కణ్ణుంచి ఫోన్ చేసేవారు. “మందులు వేసుకోవడం అయిందాండి? నడక అయిందాండి? అనుకున్న పనులు అయ్యాయాండి?” ఈయన హుషారుగా “అయ్యాయండి” అనేవారు. వాళ్ళు నూటికి నూరు వేసుకునేవారు.

గ్యాసు బుక్ చేయడం అయిందన్నారు, బండ రాలేదు. మా అమ్మాయి హాస్టలుకి మందులు పంపడం అయిందన్నారు, బీరువాలో కనిపించాయి. నేను నాలుగు తిట్టి ఊరుకున్నాను. మొగుడు చేశానన్న పని చెయ్యకపోవడం జబ్బే అయితే, ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆసుపత్రి ముందు బారులు తీరాలి.

అంతలో సామర్లకోట నుంచి కబురొచ్చింది. వదినగారికి కాలేయంలో రాచపుండు, బాగా ముదిరిపోయింది, ఇంక ఎన్నాళ్ళో ఉండదు అని. ఆయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నన్ను రావద్దని, స్కూటరు తీశారు.

“మా ఇద్దరి గొడవే. మేమే తేల్చుకుంటాం” అన్నారు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. ఆ మొహం చూసి నా గుండె తేలికపడింది. అన్నేళ్ళ బరువు దింపుకున్న మొహం అది.

“అయిందే వేణీ. వెళ్ళొచ్చాను. పనసపొట్టు ఆవపెట్టి చేసింది. తిన్నాను. ఇద్దరం ఏడ్చుకున్నాం.”

నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

* * *

వారం తిరిగాక అన్నయ్యగారు ఫోన్ చేశారు, అంటే వదినగారి భర్త వీర్రాజుగారు. నిదానస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనరు.

“చెల్లెమ్మా, తమ్ముడింకా రాలేదేంటమ్మా? గుమ్మం వైపే చూత్తంది మీ వదిన. అంత కోపమైతే ఎలాగమ్మా, పోయేదాని మీద?”

ఫోన్ పెట్టేసి ఆయన మీద విరుచుకుపడ్డాను. చచ్చిపోతున్న మనిషి విషయంలో అబద్ధమా అని, మీకు మనసు లేదా అని, నోటికొచ్చినట్టల్లా అన్నాను. ఆయన తెల్లబోయి చూశారు.

“మా అమ్మ మీద ఒట్టే. ఎల్లొచ్చానే.”

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన తల్లి మీద ఒట్టేయడం నేను ఎన్నడూ వినలేదు. అప్పుడు నాకు కోపం పోయి భయం పట్టుకుంది.

స్కూటరు తీయించి వెనక కూర్చున్నాను. ఇప్పుడు నాకు చోటు బాగానే ఉంది. ఆ రోజు వెళ్ళిన దారినే వెళ్దామన్నాను. మాధవపట్నం దగ్గర టిఫిన్ హోటలు ముందు ఆయనే ఆపారు, ఇక్కడ ఆగానని గుర్తుందన్నారు. హోటలాయన మా ఆయన్ని చూసి నవ్వాడు.

“ఆయ్, మండపం బాబుగారేనండి. ఒక్క ఇడ్లీ, అదీ సగమే తిని, శానా బాగుందయ్యా అని, బండి తిప్పుకుని మళ్ళీ కాకినాడ వైపే ఎల్లిపోయారండి. సామర్లకోట ఎల్తానన్నారు కదా అని నేనే అనుకున్నానండి.”

ఉత్త కడుపుతో వెళ్తే కళ్ళు తిరుగుతాయని ఆగారట. దారి పొడుగునా అక్కే మనసులో ఉందట. ఏం వండుతుందో, ఎలా కూర్చోవాలో, ఏం అనాలో. ఆ ఆలోచన నిండుగా ఉండగా ఇడ్లీ ముక్క లోపలికి దిగింది.

నేను బండిని ప్రయోగశాలకి తిప్పించాను.

నిరుపమ అంతా విని ఉప్మా తెప్పించింది. బల్ల మీదున్న తాళంచెవి తీసి ఆయన ఎడమచేతిలో పెట్టింది. “ఇది పక్క గదిలో ఇచ్చి రావాలండీ. చాలా ముఖ్యం. ముందు కాస్త తినీండి.” ఆయన తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

“తాళంచెవి ఇచ్చేశారా?”

“ఇచ్చాను కదమ్మా. గళ్ళ చొక్కా కుర్రాడు తీసుకున్నాడు.”

ఆయన ఎడమచేతి గుప్పిట్లోంచి తాళంచెవి తల బయటికి కనిపిస్తోంది. నిరుపమ మెల్లగా ఆ వేళ్ళు విప్పింది. ఆయన దానికేసి చూశారు, ఆమెకేసి చూశారు, నాకేసి చూశారు. అలాంటి చూపు పగవాడి కళ్ళలో కూడా నేను చూడకూడదు.

నిరుపమ నా వైపు తిరిగింది. “మెదడులో భోజనానికో ముద్రా, పనికో ముద్రా లేవండీ. ఒకటే ఉంది. బొత్తం మీటినప్పుడు మనసులో ఏది ముందుంటే దాని మీద పడిపోతంది ముద్ర. నేను తెలుగుపిల్లనే, నాకు ముందే తట్టాల్సింది. భోజనం అయిందా, పని అయిందా, పెళ్ళి అయిందా, అన్నింటికీ మనకి ఒకటే మాట కదండీ. పైగా ప్రతినెలా మేం అడిగింది కూడా అదే మాట. అయిందా అని. అందరూ అయిందన్నారు. మేం నమ్మేశాం.”

ఎవరైనా నమ్ముతారు. మనకి ‘అయింది’ అనే మాటని అనుమానించే అలవాటే లేదు. కడుపు కాలిపోతూ ఒకరింటికి వెళ్ళినా ‘భోజనం అయిందండి’ అనడం మర్యాద, అది మర్యాదేనని అవతలివాళ్ళకీ తెలుసు. ఇంట్లో మాయమాట, వీధిలో మర్యాద మాట. అందులో జబ్బు దాక్కుంటే ఎవరికి కనిపిస్తుంది?

“ఆపేయడానికి వీలుందా?” అన్నాను.

“మళ్ళీ కొయ్యక్కర్లేదు, పైనుంచే ఆపొచ్చండి. కానీ నరం మళ్ళీ మేలుకోడానికి వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. ఆకలి తిరిగొస్తే ఒళ్ళూ తిరిగొస్తాది. సుగరూ, మతిమరుపూ కూడా రావొచ్చు.”

“ఎందుకమ్మా ఆపడం?” అన్నారు ఆయన తాళంచెవిని చూస్తూనే. “అక్క దగ్గరికి వెళ్ళడం అయిపోయింది కదా.” మళ్ళీ తనే అన్నారు, “వెళ్ళలేదని తెలుస్తోందే వేణీ. తెలుస్తోంది గానీ అనిపించట్లేదు.”

* * *

అటునుంచి అటే సామర్లకోట తీసుకెళ్ళాను. వదినగారు హాల్లో మంచం మీద ఉన్నారు. ఒకప్పుడు గుమ్మం నిండుగా ఉండే మనిషి దుప్పటి కింద ఉందో లేదో తెలియడం లేదు. తమ్ముణ్ణి చూసి లేవబోయారు.

“ఎంత సిక్కిపోయావురా,” అన్నారు. “ఎవరు తిననివ్వట్లేదురా నిన్ను?”

తమ్ముడు చెప్పాలనుకున్న చెరువు మాట చెప్పనేలేదు. చెప్పేశాననుకున్నారు కాబోలు, నవ్వుతూ కూర్చున్నారు. కోడలు మంచినీళ్ళిచ్చింది. ఆయన గటగటా తాగేశారు. వదినగారి కళ్ళు వెలిగాయి. “నీళ్ళు ముట్టాడు, చూశారా, నీళ్ళు ముట్టాడు” అని మొగుడికి చెప్పుకుంది. మంచం పక్కనే పీట వేయించింది. విస్తరి వేయించింది. ప్రతిరోజూ తమ్ముడొస్తాడని ఏదో ఒకటి వండిస్తోందట. తను లేవలేకపోయినా, ఏది ఎక్కడ వడ్డించాలో వేలితో చూపించింది.

ఒక ముద్ద తిన్నారు. రెండోది తిన్నారు. మూడోది నోట్లో పెట్టుకోగానే నాకు తెలిసిన ఆ నిండుదనం మొహంలోకి వచ్చేసింది. నేను గుడ్లురిమాను. నాలుగోది కలిపి, పైకెత్తి, నోటిదాకా తెచ్చి, అక్కడ ఆగిపోయారు. చెయ్యి దించేశారు.

“అయిందక్కా.”

విస్తరి నిండా కూరలు అలాగే ఉన్నాయి.

“సగం విస్తట్లోంచి లేవడం నా ఇంట్లో ఇది రెండోసారిరా,” అంది వదినగారు. “కోపం ఇంకా పోలేదన్నమాట.”

“కోపమేంటక్కా? అన్నీ అయిపోయాయి కదా. మొన్న వచ్చినప్పుడు ఏడ్చుకున్నాం కూడాను.”

ఆయన హాయిగా నవ్వుతూ అన్నారు. ఆవిడ కాసేపు తమ్ముడి మొహంలోకి చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. నేను మంచం పక్కన కూర్చుని బొత్తం సంగతి, నరం సంగతి, నాకు తెలిసినంతా చెప్పాను. ఇన్నేళ్ళ నా సైన్సు పాఠాల్లో అంత శ్రద్ధగా ఏ పాఠమూ చెప్పలేదు, అంత దండగ పాఠమూ ఇంకోటి లేదు.

“ఏం బొత్తాలో అమ్మాయ్,” అంది ఆవిడ గోడవైపు నుంచే. “నా సేతి కూడు వొద్దన్న రోజు ఆడికి లేదు.”

ఆ మాటతోనే వెళ్ళిపోయింది. వారం కూడా లేదు. తమ్ముడు కోపంతోనే ఉన్నాడనుకుని పోయింది. అంతకంటే నాకు పెద్ద బాధ లేదు. కోపం లేదని ఎలా చూపించాలో మాకెవరికీ తెలియలేదు.

శవం ముందు మా ఆయన కళ్ళు పొడిగా ఉన్నాయి. అమ్మలక్కలు చెవులు కొరుక్కున్నారు. పెంచిన అక్కకి ఒక్క బొట్టు రాల్చలేదు, రాతిగుండె అన్నారు. దహనమయ్యాక ఇంటికొచ్చి స్నానం చేసి, ఆయనే నాతో అన్నారు.

“నాకు ఏడవడం అయిపోయినట్టుందే. ఎప్పుడు ఏడ్చానో తెలీదు. పద, ఆ పిల్ల దగ్గరికి.”

నిరుపమ కళ్ళు అప్పటికే ఉబ్బిపోయి ఉన్నాయి. ఆపరేషన్ చేయించుకున్న తక్కిన వాళ్ళందరినీ పిలిపించి ఒక్కొక్కరికీ చెబుతోంది. సగంమంది బొత్తం ఆపించుకోవడానికి ఒప్పుకోలేదట. వాళ్ళకి ఏ లోటూ లేదు మరి, అన్నీ అయిపోయాయి.

“బాగా ఆలోచించుకున్నారా అండీ?” అని అడిగింది మా ఆయన్ని. “ఆగిపోయినవన్నీ ఒకేసారి మీద పడతాయేమో. నాకు తెలీదండి. ఇంతకుముందు ఎవరికీ ఆపలేదు.”

“పడనీ అమ్మా,” అన్నారు ఆయన. “నావే కదా అవి.”

ఆమె చిన్న పరికరాన్ని ఆయన పొట్ట మీద ఆనించి ఏదో నొక్కింది. అంతే, చప్పుడు కూడా లేదు. ఆయన లేచి చొక్కా సర్దుకున్నారు. నిరుపమ నా చెయ్యి పట్టుకుంది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. మా ఇంట్లో మంచు విడగొట్టింది కూడా తనే.

రోజులు గడిచాయి. ఏమీ తెలియలేదు. అన్నం పెడితే అదే రెండు మూడు ముద్దలు, అదే ‘అయింది’.

పెద్దకార్యంనాడు సామర్లకోటలో పెరడంతా పందిరి వేశారు. బంతిలో వీర్రాజుగారి పక్కన ఆయన్ని కూర్చోబెట్టారు. నేను వడ్డిస్తున్నాను. గారెలు, బూరెలు, పనసపొట్టు, పప్పు, పులుసు. మూడో ముద్ద దగ్గర నేను గరిటె పట్టుకుని ఆగి చూశాను. ఆయన నాలుగోది తిన్నారు. ఐదోది తిన్నారు. తల ఎత్తకుండా, చిన్న చిన్న ముద్దలు చేసుకుని, ఆగి ఆగి తింటున్నారు. బంతంతా తినడం ముగించింది. ఆయన కోసం వీర్రాజుగారు లేవకుండా కూర్చున్నారు. పెద్దాయన లేవలేదని మిగతావాళ్ళూ లేవలేదు.

అప్పుడు మా ఆయన తల ఎత్తి, వంటింటి వైపు తిరిగి, ఎప్పుడూ పిలిచే గొంతుతోనే పిలిచారు.

“అక్కా, ఆకలేత్తందే.”

పందిట్లో ఎక్కడి చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆయన వంటింటి గుమ్మం కేసి చూస్తూనే ఉన్నారు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన మొహం నెమ్మదిగా ముడుచుకుపోయింది. అక్క లేదని ఆయనకి అప్పుడే తెలిసింది. భోరుమన్నారు.

నేను వెళ్ళి విస్తట్లో ఇంకాస్త అన్నం, పనసపొట్టు వడ్డించాను. ఏడుస్తూనే కలుపుకున్నారు, ఏడుస్తూనే తిన్నారు. వద్దని నేను అనలేదు. వెక్కిళ్ళ మధ్య మెతుకు అడ్డం పడి పొలమారింది. వీర్రాజుగారు వంగి ఆయన నడినెత్తి మీద మెల్లగా తట్టారు.

పొలమారితే, ఎవరో తలుచుకుంటున్నారు అంటాం. ఆ పూట ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు.